చూచినవారి చిట్టా
(పఠనమందిర సభయందు జేసిన యుపన్యాసపాఠము)



నేటి నా యుపన్యాస విషయము పైకి వకీళ్ళ తగవువలె గన్పట్టును. అమెరికా దేశమున రెండు మహాకంపెనీలు దావా పడినవి. ఏడేండ్లు పోరాడినవి. తుదకు రాజీపడి యెవరి త్రోవను వారు పోయిరి. కోటీశ్వరుల కలహములో పట్టణవాసులమగు మనకేమి పని యని తాము ప్రశ్నింపవచ్చును. నేనును ఆ రాజీకథ చెప్పుటకై మిమ్ము గూర్చుండబెట్టలేదు. ఆ దావా నడుచుచుండగా 2008 వ సంవత్సరము జూలై 1 వ తేదీని న్యూయార్కు నగరపు న్యాయాధిపతి యొకరు ఒక యుత్తరువు గావించిరి. కచేరి గడప నెన్నడును ద్రొక్కని కోట్లకొలది జనులు తమ తమ యిండ్లలో గూర్చుండి యే చిత్రమును ఏ వేళ జూచిరో, ఆ చిట్టా నంతటిని వాదిచేతిలో బెట్టుమని దాని తాత్పర్యము. ఆ కాలమున కంప్యూటరు ముందు గూర్చుండి యూట్యూబులో నొక పాటయైనను విన్న తెలుగువాడును ఆ చిట్టాలో నొక పంక్తియే. గనుక ఆ యుత్తరువును గూర్చి విచారించుటకు మనకు హక్కు గలదు.

ముందు కథాంశమును క్లుప్తముగా జెప్పెదను. యూట్యూబు అను చిత్రప్రదర్శనశాలను 2005 ఫిబ్రవరిలో చాడ్ హర్లీ, స్టీవ్ చెన్, జావెద్ కరీమ్ అను మువ్వురు యువకులు స్థాపించిరి. ఎవడైనను తాను దీసిన చిత్రమును అందు బెట్టవచ్చును. ఎవడైనను కాసు చెల్లింపక చూడవచ్చును. ఏడాదిన్నర గడచునప్పటికే దాని ప్రఖ్యాతి యెంతగా బెరిగెననగా, 2006 అక్టోబరులో గూగుల్ కంపెనీవారు 165 కోట్ల డాలర్ల విలువగల వాటాల నిచ్చి దానిని గొనుటకు ఒప్పందము చేసికొనిరి. అయితే జనులు తాము దీసిన చిత్రములను మాత్రమే యందు బెట్టి యూరకుండలేదు. ఇతరులు దీసినవియు, టెలివిజనులో వచ్చినవియు, సినిమాలలోని ఘట్టములును తెచ్చి పెట్టిరి. వయాకామ్ అను కంపెనీకి ఎమ్‌టీవీ, కామెడీ సెంట్రల్ మొదలగు టెలివిజను శాఖలును, పారమౌంటు సినిమా సంస్థయు నుండెను. తమ కార్యక్రమముల తునుకలు లక్షకు మించి యందున్నవని వారు 2007 ఫిబ్రవరిలో తాఖీదు పంపిరి. యూట్యూబువారు వెంటనే తొలగించిరి. అంతటితో తృప్తిజెందక వయాకామ్ వారు మార్చి 13 వ తేదీని న్యూయార్కు దక్షిణమండల జిల్లా న్యాయస్థానమున 100 కోట్ల డాలర్లకు మించిన నష్టపరిహారము గోరుచు దావా వేసిరి. సుమారు 1,60,000 తునుకలు తమ యనుమతి లేక ప్రదర్శింపబడినవనియు, వానిని 150 కోట్లకు మించినసారులు జనులు చూచిరనియు వారి ఫిర్యాదు.

ఈ ఫిర్యాదు నిరాధారమని నేననను. గ్రంథస్వామ్యమనగా బీదరచయితకైనను గొప్ప కంపెనీకైనను కష్టార్జితమే. వ్రాసినవాడు, పాడినవాడు, దీపము పట్టుకొని నిలిచినవాడు, అందరి కూలియు అందుండియే రావలెను. తెలుగు సినిమాలు విడుదలయైన వారములోపలనే, ఒక్కొక్కప్పుడు ఆ దినముననే, దొంగప్రతులు వీధికెక్కుట మనకు దెలియనిది కాదు. ఆ నష్టమును చిన్నచూపు జూచువారికి నేను తోడు రాజాలను. న్యాయస్థానమున కెక్కుట వయాకామ్ వారి హక్కు. వారు ప్రతివాదిపై నెన్ని రుజువులు గోరినను కోరవచ్చును. వారి చెయ్యి మూడవవాని జేబులోనికి బోయినప్పుడే నా యాక్షేపణ.

అమెరికాలో 1998 లో డిజిటల్ మిలీనియమ్ కాపీరైటు చట్టమను నొక శాసనము చేయబడినది. దాని ప్రకారము, ఇతరులు పెట్టిన వస్తువులను దాచియుంచు స్థలాధికారికి ఫలానాది దొంగవస్తువని స్వామ్యముగలవారు నోటీసు నిచ్చినప్పుడు, అతడు దానిని వెంటనే తొలగించినచో అతనిపై నష్టపరిహారపు బాధ్యత యుండదు. కాని ఆ దొంగతనమును తానెరిగియుండియు కన్నులు మూసికొన్నచో, దానివలన లాభము బొంది దానిని ఆపగల శక్తియుండియు ఆపకున్నచో, ఆ రక్షణ పోవును. యూట్యూబువారు కన్నులు మూసికొనిరా లేదా యన్నదే దావాలోని ముఖ్యాంశము. జనులు సొంతచిత్రములకంటె దొంగచిత్రములనే యెక్కువగా జూచుచుండిరని నిరూపించినచో తమ వాదమునకు బలము కలుగునని వయాకామ్ వారు తలచిరి. అందుకై వారడిగిన వస్తువులలో రెండు ముఖ్యమైనవి. ఒకటి, గూగుల్ వారి శోధనయంత్రపు మూలలిపి. రెండవది, యూట్యూబువారి లాగింగు డేటాబేసు, అనగా దినచిట్టా.

ఈ దినచిట్టా యెట్టిదో కొంచెము విప్పి చెప్పవలెను. సారమంతయు నిందే గలదు. యూట్యూబులో నొక చిత్రము చూడబడినప్పుడెల్ల అందొక పంక్తి చేరుచుండెను. చూచినవాడు తన పేరిట లోన ప్రవేశించియున్నచో ఆ ప్రవేశనామము, చూడసాగిన గడియ, అతని కంప్యూటరుయొక్క ఐపీ చిరునామా, చూచిన చిత్రపు గుర్తు, ఇవి యా పంక్తియందుండెను. యూట్యూబు గడపలోనికి వచ్చి చూచినను, వేరొకరి పుటలో నతికించిన యూట్యూబు చిత్రమును జూచినను పద్దు పడుచునే యుండెను. ఆ చిట్టా పరిమాణము 12 టెరాబైట్లు. ఆంగ్లాక్షరముల లెక్కన సుమారు 12 లక్షల కోట్ల యక్షరములని యూహింపుడు. మన కోమటి యంగడిలోని ఆవర్జాలో అప్పు పెట్టినవాని పేరు మాత్రమే యుండును. వీథిలో నిలిచి గాజుపెట్టెలోని మిఠాయిని జూచినవాని పేరు వ్రాసికొన్న కోమటిని నేనెరుగను.

న్యాయాధిపతి లూయీ స్టాంటన్ గారు ఈ రెండు కోరికలను విచారించి, మూలలిపి నీయనక్కరలేదనిరి. అది గూగుల్ వారి వ్యాపార రహస్యమనియు, ఎన్నియో యేండ్ల శ్రమఫలమనియు, బయటపడినచో తీరని నష్టము గలుగుననియు వారి తర్కము. సబబైన తర్కమే. పిదప దినచిట్టాను మాత్రము పూర్తిగా నీయవలసినదనిరి. జనుల గోప్యతకు భంగము గలుగునని గూగుల్ వారు చేసిన యభ్యంతరమును ఊహామాత్రమని త్రోసివేసిరి. కంపెనీ రహస్యమునకు కోటగోడ, జనుల రహస్యమునకు తడికయు లేదు. ఒక యుత్తరువులోనే, ఒక కలముతోనే ఈ రెండును వ్రాయబడినవి. న్యాయాధిపతిగారికి దురుద్దేశము గలదని నేననుట లేదు. మూలలిపికి యజమానుడు కచేరిలో వకీలును నిలిపియుండెను. చూచినవారి పక్షమున నక్కడ నిలిచినవారు లేరు. వారి తరఫున మాటాడినవారు ప్రతివాది వకీళ్ళే, వారికిని జనుల గోప్యత పలు వాదములలో నొక వాదము మాత్రమే.

ఇందొక చమత్కారము. ఐపీ చిరునామా యొక్కటియే యున్నంతమాత్రమున, వేరు సమాచారము లేనిదే, మనిషి యెవరో సాధారణముగా దెలియదని గూగుల్ వారే కొన్ని నెలలకు ముందు బహిరంగముగా వ్రాసియుండిరి. ఐరోపా ప్రభుత్వములు తమపై గోప్యతానిబంధనలు బెట్టకుండుటకై వారట్లు వాదించుచుండిరి. స్టాంటన్ గారు ఆ వాక్యమునే యెత్తి వారికి జూపిరి. తమకు లాభించునప్పుడు జనుల జాడ జాడయే కాదనినవారు, తమకు నష్టమైనప్పుడు అది పవిత్రమన్నచో నెవరు నమ్ముదురు? చిట్టా వ్రాయువాని చేతిలో మన రహస్యమునకు గల కాపుదల యిట్టిది.

పేరు వేరు, ప్రవేశనామము వేరు, దానివలన మనిషి దొరకునా యని సందేహింతురేమో. 2006 ఆగస్టులో ఏవోఎల్ అను నమెరికా కంపెనీ పరిశోధకుల యుపయోగార్థము సుమారు 6,50,000 మంది మూడు నెలలలో శోధించిన రెండుకోట్ల ప్రశ్నలను ప్రచురించెను. పేర్లు తీసివేసి అంకెలు బెట్టిరి. అయినను కొలదిదినములలోనే న్యూయార్కు టైమ్సు పత్రికవారు ఒక యంకెవెనుక నున్న వృద్ధురాలి గుమ్మమునకు బోయి తలుపు తట్టిరి. ఆమె వెదకిన యూరిపేరు, బంధువుల యింటిపేరు, వ్యాధులు, పెంపుడుకుక్క సంగతి, అన్నియు గలిపిచూడగా మనిషి దొరికినది. కంపెనీవారు క్షమాపణ చెప్పుకొని యా జాబితాను తీసివేసిరి. కాని అప్పటికే దానిని వేలమంది ప్రతులు తీసికొనియుండిరి. పిమ్మట టెక్సాసు విశ్వవిద్యాలయమున అరవింద్ నారాయణన్, విటాలీ ష్మాటికోవ్ అను పండితులు నెట్‌ఫ్లిక్సు సినిమా సంస్థవారు పేర్లు తీసి ప్రచురించిన చందాదారుల యభిప్రాయములను, వేరొక చోట జనులు బహిరంగముగా వ్రాసిన యభిప్రాయములతో సరిపోల్చి, కొందరు చందాదారులను గుర్తింపవచ్చునని 2008 లో నిరూపించిరి. మనిషి చూచినవాని పట్టికయే యతని వ్రేలిముద్ర. కనుక భయము ఊహామాత్రమనుట, ఆ యుత్తరువునాటికే ఋజువైన సంగతిని చూడకుండుటయే.

ఇక చూచుట కంత విలువ యేమి యందురు. అయ్యా, మనము పఠనమందిరమున గూర్చున్నాము. చదువుటకు విలువ గలదని యొప్పుకొన్నవారమే యిక్కడికి వచ్చితిమి. ఉన్నవ లక్ష్మీనారాయణగారి మాలపల్లి నవలను పరప్రభుత్వమువారు నిషేధించిరి. నిషేధించినది పుస్తకమును. ఆ పుస్తకము నెరువు దీసికొనిపోయిన వారి పేర్లను గ్రంథాలయపు పద్దునుండి యెత్తి వ్రాసి తెచ్చి యిమ్మని ప్రతి మందిరమునకు తాఖీదు వచ్చియున్నచో నేమగును? పుస్తకమును దాచినవాడు దాచును; కాని మరుసటిదినమునుండి యేపుస్తకమును అడుగుటకు జనులు జంకుదురు. రాజద్రోహపు పుస్తకమును మాత్రమే కాదు. రోగమును గూర్చినది, మతమును గూర్చినది, విడాకులను గూర్చినది, దేనినైనను. వెనుక నెవరో వ్రాసికొనుచున్నారని తెలిసిన తరువాత మనిషి చదువడు, చదివినట్లు నటించును. నేడు మన యువకులకు గ్రంథాలయమెంతయో వీడియోలును అంతయే. వైద్యవిషయము, న్యాయవిషయము, రాజకీయ ప్రసంగము, మతప్రసంగము, అన్నియు అందే వినుచున్నారు.

అమెరికావారికీ సత్యము తెలియక కాదు. 1987 లో ప్రెసిడెంటు రీగన్ గారు రాబర్ట్ బోర్క్ అను న్యాయమూర్తిని సుప్రీముకోర్టునకు ప్రతిపాదింపగా, వాషింగ్టనులోని యొక వారపత్రిక ఆయన కుటుంబమువారు అద్దెకు దెచ్చుకొన్న వీడియో క్యాసెట్ల జాబితాను అంగడినుండి సంపాదించి ప్రచురించెను. అందు తప్పుబట్టదగినదేమియు లేదు. అయినను కాంగ్రెసు సభ్యులందరు గతుక్కుమనిరి. వారును క్యాసెట్లు తెచ్చుకొనువారే గదా! మరుసటి యేడే, అనగా 1988 లో, క్యాసెట్లు అద్దెకిచ్చువారు ఖాతాదారు ఏ చిత్రము తీసికొనెనో బయటబెట్టరాదని చట్టము చేసిరి. పుస్తకముల విషయమునను ఇట్టిదే యొక తీర్పు వచ్చియుండెను. 2007 లో విస్కాన్సిన్ రాష్ట్రమున నొక పాతపుస్తకముల వర్తకునిపై జరుగుచున్న విచారణలో, అమెజాన్ ద్వారా అతనియొద్ద పుస్తకములు గొన్నవారి పేర్లు గావలెనని ప్రభుత్వము గోరెను. అక్కడి న్యాయాధికారి ప్రభుత్వము జనుల చదువులోనికి తొంగిచూచుట కలవరపెట్టునదని చెప్పి, సాక్ష్యమీయ నిష్టమున్నవారు తామై ముందుకు రావచ్చునని కొనుగోలుదారులకు జాబులు వ్రాయు మార్గమును జూపెను. స్టాంటన్ గారి యెదుట ఈ చట్టమును, ఈ తీర్పును రెండును ఉదాహరింపబడినవి. వారు వానిని పుట యడుగున నొక సూచికలో బేర్కొని దాటిపోయిరి.

పిదప జరిగినది వినుడు. ఉత్తరువు వెల్లడియైన వెంటనే పత్రికలలో కలకలము బుట్టెను. ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషను మొదలగు సంఘములు తీవ్రముగా నిరసించినవి. రెండు వారములైన గడువకమునుపే, జూలై 14 వ తేదీని, వాది ప్రతివాదులిద్దరును ఒక యొడంబడిక చేసికొనిరి. ప్రవేశనామములకును ఐపీ చిరునామాలకును బదులుగా అర్థములేని గుర్తులు బెట్టి చిట్టా నిచ్చుటకు గూగుల్ ఒప్పుకొనెను, అట్లు తీసికొనుటకు వయాకామ్ ఒప్పుకొనెను. అట్టి గుర్తులును సంపూర్ణ రక్షణ గావని ఏవోఎల్ కథయే చెప్పుచున్నది. అయినను పేరుపెట్టి యిచ్చుటకంటె నయము.

ఈ యొడంబడిక నన్నెక్కువగా నాలోచింపజేసినది. దేనికి యెన్నిసారులు ప్రేక్షకులు వచ్చిరో లెక్కించుటకు పేర్లతో నిమిత్తము లేదు. తిరునాళ్ళలో నే గుడారమునకు జనమెక్కువ వచ్చిరో తెలిసికొనవలెనన్నచో టిక్కెట్టుముక్కల నెంచిన జాలును. వచ్చినవారి యింటినంబర్లు అక్కరలేదు. పేర్లు లేకయే దావా నడిపింపగలమని వాదియే సంతకము చేసినప్పుడు, పేర్లు అవసరమని యుత్తరువిచ్చిన న్యాయస్థానము ఏ యవసరమును విచారించినట్లు? జనులకు దక్కిన యా కొంచెము రక్షణయు హక్కువలన దక్కినది కాదు. అల్లరివలన దక్కినది, ఇద్దరు కోటీశ్వరుల సౌకర్యమువలన దక్కినది. మరియొకసారి పత్రికలు నిద్రించుచుండవచ్చును.

దావా శేషమును రెండు మాటలలో ముగించెదను. 2010 జూన్ 23 వ తేదీని స్టాంటన్ గారే యూట్యూబునకు ననుకూలముగా దీర్పు జెప్పిరి. 2012 ఏప్రిల్ 5 వ తేదీని అప్పీలుకోర్టు దానిని కొంతవరకు రద్దుచేసి తిరుగ విచారింపుమనెను. 2013 ఏప్రిల్ 18 వ తేదీని వారు మరల అదే తీర్పు జెప్పిరి. 2014 మార్చిలో రాజీ కుదిరెను. నడుమ 2010 లో గూగుల్ వారు చేసిన యారోపణ యొకటి జ్ఞాపకముంచుకొనదగినది. వయాకామ్ వారే పదునెనిమిదికి తక్కువగాని ప్రచార సంస్థలను బెట్టి తమ చిత్రములను రహస్యముగా యూట్యూబున బెట్టించుచుండిరనియు, జాడ తెలియకుండుటకై ఉద్యోగులను బయటి కాపీదుకాణములకు పంపి అక్కడి కంప్యూటర్లనుండి యెక్కించిరనియు నా యారోపణ. ఇది ప్రతివాది మాట యని మరువరాదు. కాని అది నిజమేయైనచో, జాడ దాచుకొనుటలోని సుఖము కోటీశ్వరులకును దెలిసినదే యన్నమాట.

“దాచవలసినవాడు దొంగయే గదా, దొంగపై నింత జాలియేల?” అని యొక మిత్రుడు నన్నడిగెను. చిత్రమును బెట్టినవాడు వేరు, చూచినవాడు వేరు. ఆ చిట్టాలో దొంగచిత్రము చూచినవారే కాదు, తన మనుమరాలి నాట్యమును జూచిన తాతయు నున్నాడు. దొంగసొత్తు వెదకుటకు ఊరిలోని యిండ్లన్నిటిని సోదాచేయు వారంటు ఏ మేజిస్ట్రేటును ఈయడు.

పెట్టినవాని విషయమునైనను హద్దు గలదు. కాన్‌స్టాంటిన్ అను జర్మను సినిమా సంస్థవారు, తమ చిత్రములు రెండింటిని యూట్యూబులో బెట్టినవారి ఈమెయిలు, టెలిఫోను నంబరు, ఐపీ చిరునామాలు గావలెనని కోరిరి. ఐరోపా సమాజ న్యాయస్థానమువారు 2020 జూలై 9 వ తేదీని తీర్పు జెప్పుచు, శాసనములో “చిరునామా” యన్న మాటకు తపాలా చిరునామాయే యర్థమనియు, ఆ మాటనుబట్టి తక్కినవి యిప్పింపజాలమనియు నిర్ణయించిరి. పేరును ఊరును అడుగవచ్చును. మనిషి జేబులోని సర్వస్వమును అడుగరాదు. అట్టి హద్దు ఎందుకు గావలెనో 2019 నాటి యొక దావా తెలుపును. అమెరికాలో ఒక వ్యక్తి తనవి గాని చిత్రములపై స్వామ్యము తనదని దొంగనోటీసులు పంపి, యూట్యూబులో చిత్రములు బెట్టువారిని డబ్బుకై బెదిరించెనని యూట్యూబువారే యతనిపై దావా వేసిరి. నోటీసు తప్పని బదులు చెప్పువాడు తన పేరు, యింటి చిరునామా వ్రాసి యీయవలెను. అది నోటీసు పంపినవానికి జేరును. అట్లు దొరికిన చిరునామాకు సాయుధ పోలీసులు పరుగెత్తునట్లు దొంగకబురు పంపెనని కూడ నారోపణ. తుదకు అతడు దొంగనోటీసుల నొప్పుకొని క్షమాపణ జెప్పి రాజీపడెను. స్వామ్యరక్షణకై తెరచిన ద్వారము, మనుష్యుల యిండ్లు కనిపెట్టు ద్వారమైనది.

పేర్లు లేనిదే దొంగతనము నాపుట సాధ్యమా? యూట్యూబువారే 2007 అక్టోబరులో నొక యంత్రమును బెట్టిరి. స్వామ్యముగలవాడు తన చిత్రపు మాతృకను ఇచ్చియుంచినచో, క్రొత్తగా వచ్చు ప్రతి చిత్రమును దానితో సరిచూచి, కలిసినచో అతనికి దెలుపును. అతడు దానిని ఆపుకొనవచ్చును, లేదా దానిపై వచ్చు ప్రకటనల సొమ్మును తీసికొనవచ్చును. ఆ యంత్రమునకును లోపములు గలవు, న్యాయముగా వాడుకొన్నవారిని గూడ పట్టుచుండును. కాని అది పరీక్షించునది వస్తువును, ప్రేక్షకుని కాదు.

మన దేశమునకు వత్తము. 2017 ఆగస్టు 24 వ తేదీని మన సుప్రీముకోర్టులో తొమ్మండ్రు న్యాయమూర్తులు, పుట్టస్వామిగారి కేసులో, గోప్యత రాజ్యాంగసిద్ధమైన ప్రాథమిక హక్కు అని యేకగ్రీవముగా దీర్పు జెప్పిరి. సంతోషము. కాని చిట్టాలు వ్రాయుమని శాసించుటలో మన ప్రభుత్వము వెనుకబడలేదు. 2011 నాటి సైబరు కెఫే నియమముల ప్రకారము అంగడివాడు వచ్చినవారి పేర్లనే గాక, వారు చూచిన పుటల జాబితాను సైతము ఏడాదిపాటు భద్రపరుపవలెను. 2022 ఏప్రిల్ 28 వ తేదీని కేంద్రప్రభుత్వపు కంప్యూటరు భద్రతాసంస్థ యిచ్చిన యాదేశములు సంస్థలు తమ చిట్టాలను 180 దినములు నిలువ చేయవలెననుచున్నవి. ఉన్న చిట్టాకు అడుగువాడు రాకపోడు. దొంగలును చిట్టాలు వ్రాయుదురు సుడీ! 2025 నవంబరులో హైదరాబాదు పోలీసులు ఐబొమ్మ యను దొంగసినిమాల స్థావరపు నిర్వాహకుని నిర్బంధించినప్పుడు, లక్షలకొలది వాడుకదారుల వివరములు అతనియొద్ద నున్నవని ప్రకటించిరి. ఉచితముగా సినిమా చూచితిమని సంతసించినవారు వెల చెల్లించియే యున్నారు. ఆ వివరములు నేడెవరిచేత నున్నవి, ఎంతకాలముండును, రేపెవరైన నిర్మాత కచేరిలో వానిని కోరినచో నేమి జరుగును?

దీనికి సమాధానము 2023 లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమున వెదకవలెను. అందు 17 వ విభాగమున మొదటి మినహాయింపే యిది: చట్టబద్ధమైన హక్కును గాని దావాను గాని నెరవేర్చుకొనుటకు వ్యక్తిగత సమాచారమును వినియోగించుట అవసరమైనచో, ఆ చట్టము జనులకిచ్చిన హక్కులలోను, సమాచారము గలవారిపై మోపిన విధులలోను పెక్కులు వర్తింపవు. భద్రముగా నుంచుమను విధి మాత్రము మిగిలియుండును. గ్రంథస్వామ్యపు దావా ఈ మినహాయింపులోనికి సుళువుగా దూరును. అడ్డుగా నున్నది “అవసరము” అను నొక్క మాట. న్యూయార్కులోను ఆ మాటయే యుండెను. అవసరమనిరి, పదునాలుగు దినములలో అవసరము లేకపోయెను.

అందుచేత మన శాసనసభ్యులకు నేను వ్రాసి పంపబోవు విన్నపము, తమరును సమ్మతించినచో ఈ సభ పక్షముననే పంపదగినది, దీర్ఘమైనది కాదు. ఆ మినహాయింపునకు రెండు వాక్యములు చేర్పవలెను. ఏ దావాలోనైనను చదివినవారి, చూచినవారి, విన్నవారి పద్దు కోరబడినప్పుడు, పేర్లును జాడలును తీసివేసిన లెక్కలతో పని జరుగదని కోరువాడు ముందుగా నిరూపింపవలెను. అట్లు నిరూపించిన పిదపను, ఆ జనులకు దెలియజేసి గాని, వారి పక్షమున న్యాయస్థానము నియమించిన వకీలును విని గాని, ఒక్క పేరైనను ఇప్పింపరాదు. ఇందువలన స్వామ్యముగలవారి దావా ఒక్కటియు ఆగదు. వయాకామ్ వారి దావా పేర్లు లేకయే ఆరేండ్లు నడచినది. విన్నపపు ప్రతి బల్లమీద నున్నది. సంతకము చేయదలచినవారు చేయవచ్చును; చేయనివారి జాబితా వ్రాసికొనబడదు.